జాజ్ అక్క శ్రుతి

ఆమె మొదటిసారి మా కొట్టుకి వచ్చింది ఒక నల్ల గౌనుకి మెడ మూయించుకోవడానికి.

మచిలీపట్నం పరాసుపేటలో మాది చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫారాలు కుడతాను. నేలమీద జీరాడే గౌను నా మిషను మీదికి రావడం అదే మొదలు. మంచి జార్జెట్టు. ఎప్పుడో మద్రాసులో కుట్టించినదట, ఒక్కచోట కూడా కుట్టు వదల్లేదు. మెడ మాత్రం బాగా కిందికి దిగి ఉంది. దానికి కాలరు పెట్టాలంది.

"ఎంత ఎత్తు పెట్టమంటారండీ?" అంటూ టేపు తీశాను.

ఆమె మెడకి చుట్టుకున్న చున్నీ విప్పింది. గొంతు కింద అడ్డంగా గీత గీసినట్టు ఎర్రటి కుట్టు మచ్చ.

"ఇది కనపడకుండా," అంది. "థైరాయిడ్ గడ్డ తీశారు. నొప్పేం లేదు, కొలుచుకో."

అరవై దాటిన మనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, రంగు వెయ్యలేదు. గొంతు బొంగురుగా ఉంది, మాట చివరికొచ్చేసరికి గాలి చాలనట్టు తగ్గిపోతోంది. ఆ గౌనునీ ఆ మనిషినీ చూశాక ఉండబట్టలేక అడిగాను, మీరు పాడతారా అండీ అని.

"పాడేదాన్ని. ఇంకా పాడగలనో లేదో తేలాలి." చున్నీ మళ్లీ చుట్టుకుంటూ, "జాజ్ అని ఒక రకం పాటలు. నీకు తెలియదులే," అంది.

"నీకు తెలియదులే" అన్న మాట నాకు పడదు. పదో తరగతితో చదువు మాన్పించి మా నాన్న నన్ను మిషను ముందు కూర్చోబెట్టారు గాని, సాయంత్రాలు లైబ్రరీకి వెళ్లొద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు. నవలలు అయిపోయాక చరిత్ర తీసుకున్నాను. చరిత్ర అయ్యాక ఆరోగ్యం. అదీ అయ్యాక, ఎవరూ వంగి చూడని అడుగు అరలో సంగీతం పుస్తకాలు దొరికాయి. వాటిల్లో పాశ్చాత్య సంగీతం మీద లావుపాటి పుస్తకం ఒకటి. అట్ట ఊడిపోతే నేనే గుడ్డ అంటించి బాగుచేసి ఇచ్చాను. కాబట్టి టేపు మెడలో వేసుకుని చెప్పాను.

"అమెరికాలో నల్లజాతి వాళ్ల దగ్గర పుట్టింది కదండీ. పాటని రాసుకున్నది రాసుకున్నట్టు పాడరు, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. మన ఆశుకవుల్లాగా."

ఆమె నావైపు అలాగే చూసింది. "ఎక్కడ విన్నావు?"

"వినలేదండీ. చదివాను."

"ఒక్క పాట కూడా వినలేదా? ఫోనులో బోలెడు దొరుకుతాయిగా."

"ఏది వినాలో తెలియక ఊరుకున్నానండీ."

ఆమె నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక కళ్లు తుడుచుకుని, "నా పాట ఏళ్ల తరబడి విని కూడా అదేంటో తెలియనివాళ్లని చూశాను గాని, వినకుండా తెలిసినదాన్ని నిన్నే చూస్తున్నాను," అంది.

కాలరు పని ఒక పూటలో అయిపోయింది. ఆమె రావడం మాత్రం ఆగలేదు. మొదటి వారం మేడం అన్నాను, రెండో వారానికి అక్కా అయింది. మధ్యాహ్నం అన్నం తిని, గొడుగు వేసుకుని వచ్చేది. నేను కాజాలు కుడుతుంటే బల్లమీద కూర్చుని కబుర్లు చెప్పేది. తన ఫోనులో పాటలు పెట్టి వినిపించేది. మొదటి పాట వినగానే, పుస్తకంలో రాసింది ఇదేనా అనిపించింది. చదివినప్పుడు నేను అనుకున్నదానికన్నా చాలా నెమ్మదిగా ఉంది. ఎవరో పక్కింటి గోడ మీంచి మాట్లాడుతున్నట్టు ఉంది. ఆ మాటే అంటే, "అదే. అలాగే పాడాలి. గోడ కనపడకూడదు, అంతే," అంది.

అక్క పుట్టింది దివిసీమలో, అవనిగడ్డ దాటాక కరకట్ట పక్కనున్న పల్లెలో. వాళ్ల నాన్నగారు పద్య నాటకాల్లో రాజు వేషాలు కట్టేవారు. మైకులు లేని రోజులనుంచీ ఆడినవారు. ఆయన పద్యం ఎత్తుకుంటే పొలాల అవతల గట్టు మీద ఉన్నవాళ్లకి కూడా వినిపించేదట. పద్యం చివర రాగం తియ్యగానే జనం "వన్స్ మోర్" అని కేకలు పెట్టేవారు. అప్పుడు మళ్లీ అదే పద్యం పాడాలి. అక్క చిన్నప్పుడు హార్మోనియం పక్కన చాప మీద కూర్చుని వినేది.

"అదే పద్యం, కానీ అలాగే పాడేవాళ్లు కాదు మా నాన్న," అంది. "మొదటిసారి పైకి తీసుకెళ్లినచోట రెండోసారి కిందికి దించేవారు. మూడోసారి అడిగితే అసలు కొత్త దారిలో వెళ్లేవారు. అడిగినవాడికి పాతదే పెట్టి పంపిస్తామా అనేవారు. నాకు జాజ్ ఎవరూ నేర్పలేదే. పేరు తెలియకముందే అది మా ఇంట్లో ఉంది."

ఈ ముక్క నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇంటర్ చదవడానికి గుడివాడలో మేనత్త ఇంటికి పంపించారు. అక్కడ ఒక ఆర్కెస్ట్రా పార్టీలో చేరింది. పెళ్లిళ్లలో, కాలేజీ ఫంక్షన్లలో సినిమా పాటలు పాడేవాళ్లు. నందివాడ వైపు ఏ ఊళ్లో పెళ్లయినా వాళ్లే. అక్కడే మొదటి తగాదా. జనానికి పాట రికార్డులో ఉన్నది ఉన్నట్టు కావాలి, ఎక్కడ గమకం పడితే అక్కడే పడాలి. ఈమె రెండో చరణం దగ్గరికొచ్చేసరికి తోచిన దారిలో వెళ్లిపోయేది.

పార్టీ నడిపేవాడు స్టేజి వెనక పట్టుకుని, "అమ్మాయ్, పెళ్లివాళ్లు ఆ పాటకి డబ్బులిచ్చారు, నీ పాటకి కాదు," అన్నాడట.

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను? తలూపాను. మర్నాడు మళ్లీ అదే చేశాను. మూడోసారి తీసేశాడు."

అలా మద్రాసు వెళ్లింది. సినిమా కోరస్‌లో పాడింది. వెనకాల "ఆ" అనీ "ఓ" అనీ అనే పదిమందిలో ఒకర్తె. రికార్డింగు మొదలయ్యేదాకా వరండాలో కూర్చుని తనలో తను ఏదో కూనిరాగం తీస్తుంటే, శాక్సఫోన్ వాయించే గోవా ఆయన ఆగి విన్నాడట. సాయంత్రాలు ఆయన ఒక పెద్ద హోటల్లో బ్యాండు నడిపేవాడు. ఒకరోజు రమ్మన్నాడు. ఆ ఒక్కరోజు ముప్పై ఏళ్లయింది.

మొదట్లో ఇంగ్లీషు అంతంతమాత్రం. పాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకుని కంఠతా పట్టేది. అర్థం తర్వాతెప్పుడో తెలిసేది. "భర్త వదిలేసి వెళ్లిపోయిన ఆవిడ పాట ఒకటుంది. ఏడాదిపాటు అందరికీ పెళ్లిభోజనం వడ్డిస్తున్నట్టు నవ్వుతూ పాడాను. ఆ గోవా ఆయన కూడా చెప్పలేదు, చాలా కొత్తగా ఉంది అనుకున్నాడట," అని చెప్పి చేత్తో నోరు మూసుకుంది.

హోటళ్లు, క్లబ్బులు, కొన్నాళ్లు కొలంబో, సింగపూరు వెళ్లే ఓడ మీద. క్యాసెట్టు వెయ్యలేదు, పేపర్లో ఫోటో పడలేదు. అవనిగడ్డలో చుట్టాలు "అది మద్రాసులో క్లబ్బుల్లో పాడుతుందంట" అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఆ మాటలు చెవినపడే కాబోలు, వాళ్ల నాన్నగారు ఒకసారి చెప్పకుండా రైలెక్కి వచ్చేశారు. పంచె, పైన ఉత్తరీయం. హోటల్లో చివరి టేబుల్ దగ్గర కూర్చుని మజ్జిగ ఉందా అని అడిగారట. పాటలన్నీ అయ్యేదాకా కదల్లేదు. అక్క భయపడుతూ దగ్గరికి వెళ్తే, "ఆ మూడో పాటలో రెండోసారి దారి మార్చావు. మార్చినదే బాగుంది," అన్నారు. కాసేపయ్యాక, "ఈ ఏసీలో చేతుల్లేని జాకెట్టేంటే, చలెయ్యదా?" అన్నారు. అంతే, ఇంకేమీ అడగలేదు.

పెళ్లి, పిల్లలు అన్న సంగతులు అక్క ఎత్తలేదు, నేనూ అడగలేదు. కొట్టుకి వచ్చేవాళ్ల కొలతలు తీసుకోవడం నా పని, మిగతావి వాళ్లు చెబితే వింటాను.

తర్వాత హోటళ్లలో బ్యాండ్లు తీసేసి లాప్‌టాపు పెట్టుకున్న కుర్రాళ్లని పెట్టారు. గోవా ఆయన పోయారు. మిగతావాళ్లు చెదిరిపోయారు. ఆ మీదట గొంతులో గడ్డ, ఆపరేషను. ఇక్కడ బందరులో పినతల్లి కూతురి ఇల్లు ఖాళీగా ఉంటే ఒక పోర్షన్లో దిగింది. గొంతు నరం నలిగిందని, కొంత తిరిగి రావచ్చని, ఎంత వస్తుందో చెప్పలేమని డాక్టరు అన్నాడట.

"ఒక్కసారి మనుషుల ముందు పాడి చూసుకోవాలే," అంది ఒకరోజు. "స్నానాలగదిలో అందరి గొంతూ బాగానే ఉంటుంది. నేను పాటగత్తెనో, పాడి మానేసినదాన్నో నాకు తెలియాలి."

"మానేసినవాళ్లయితే?"

"గౌన్లన్నీ నీకిచ్చేస్తాను. చిన్నపిల్లలకి లంగాలు కుట్టు. మంచి గుడ్డ."

నవ్వుతూనే అంది గాని చేతులు ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి. ఏటా వ్యాసరచన పోటీలు, పెద్దల ఉపన్యాసాలు. నేను వెళ్లి లైబ్రేరియన్ మేడంని అడిగాను, ఒక సాయంత్రం పాటకి ఇవ్వమని. ఆవిడకి నేను ఎప్పటినుంచో తెలుసు.

"జాజ్ అంటే డ్యాన్సులవీ ఉంటాయా?" అన్నారు.

"లేదండీ, కాలి బొటనవేలు తప్ప ఏమీ కదలదు," అన్నాను. ఆ తర్వాత పుస్తకంలో చదివిందంతా చెప్పాను. సగంలోనే ఆవిడ సరే అనేశారు.

ఇక వాయించేవాళ్లు కావాలి. చర్చిలో కీబోర్డు వాయించే అబ్బాయిలు ఇద్దరు వచ్చారు. బాగా వాయిస్తారు, మర్యాదస్తులు. కానీ బటను నొక్కితే దానంతటదే మోగే తాళం అది. అక్క ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంటే అది ఆగదు, వెళ్లిపోతుంది. రెండు పాటలయ్యాక అక్కే వాళ్లకి బిస్కెట్లు పెట్టి పంపించింది.

"మా నాన్నకి వాయించిన ఆయన ఉన్నారు, అవనిగడ్డలో," అంది. "అప్పట్లో చిన్నవాడు. ఇప్పుడు డెబ్భై దాటి ఉంటాయి."

ఆ ఆదివారం ఆయన చల్లపల్లి మీదుగా బస్సులో హార్మోనియం ఒళ్లో పెట్టుకుని వచ్చారు. తెల్ల చొక్కా, సన్నటి మనిషి. అక్కని చూసి, "ఏమ్మా, జుట్టంతా ఏం చేశావు?" అన్నారు. అక్క ఆయన్ని బాబాయి అంది. నేను మాస్టారు అనేదాన్ని. మిషన్లు గోడకి జరిపి, మధ్యలో చాప పరిచాను.

ఆయనకి ఇంగ్లీషు రాదు, జాజ్ వినలేదు. నేను పుస్తకం తెరిచినట్టు మొదలుపెట్టబోతే అక్క ఆపింది. "బాబాయ్, నేను ఎటు వెళ్తే అటు రండి, అంతే."

"నాటకాల్లో నలభై ఏళ్లు అదేగా చేసింది. పద్యం మరిచిపోయిన రాజుల వెనకాల కూడా వెళ్లాను," అన్నారాయన.

మూడు వేళ్లతో మూడు స్వరాలు ఒకేసారి నొక్కడం అక్క నేర్పింది. మొదట ఆయన ఇష్టపడలేదు, వీధిలో మూడు బస్సులు ఒకేసారి హారన్ కొట్టినట్టుంది అన్నారు. తర్వాత అలవాటైంది. ఒక్క అలవాటు మాత్రం పోలేదు. పాట అయిపోగానే, రాజు సభలోంచి వెళ్లేటప్పుడు వాయించే బాణీ ఒకటి ఆయన చేతులు వాటంతటవే వాయించేసేవి.

"బాబాయ్, నేను ఎక్కడికీ వెళ్లట్లేదు," అనేది అక్క.

"చెయ్యి ఊరుకోదమ్మా."

అక్కకి ప్రాణమైన పాట ఒకటుంది. ఊరు వదిలి రైల్లో వెళ్తున్న మనిషి చీకట్లో కిటికీలోంచి తన ఇంటి దీపం కోసం వెతుక్కుంటుంది. దీపం కనిపించిన చోట గొంతు ఒక్కసారిగా పైకెక్కాలి. హోటళ్లలో ఎప్పుడూ చివర పాడేదట. హార్మోనియం వాళ్లు శ్రుతిని అంకెల్లో చెబుతారు, అంకె పెద్దదయ్యేకొద్దీ గొంతు పైన పలకాలి. ఆ పాటని అక్క మొదటినుంచీ నాలుగు శ్రుతిలోనే పాడింది. మొదటి ఆదివారం ఆ దీపం దగ్గర గొంతు చీలిపోయింది, గాలి తప్ప ఏమీ రాలేదు. అక్క చాప అంచు సరిచేసింది.

రెండో ఆదివారం కొంచెం నయం. మూడో ఆదివారం బాగా దగ్గరికొచ్చింది. నాలుగో ఆదివారం ఆ చోట గొంతు పైకెక్కి నిలబడింది. చిన్నగా వణికింది, అయినా నిలబడింది. నా చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది.

"చూశావా?" అంది అక్క నావైపు తిరిగి. మొహం వెలిగిపోతోంది. "వారం వారం వస్తోంది. ఆ డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాలి."

నేను టీ తేవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అక్క చాప మీదినుంచి లేచి మాస్టారి పక్కన నిలబడి ఉంది. ఆయన వేళ్లవైపు చూస్తోంది.

"ఇందాక ఏ శ్రుతి, బాబాయ్?"

"నాలుగేనమ్మా."

"ఓసారి పట్టండి."

ఆయన పట్టలేదు. హార్మోనియం తిత్తి మూసి, పైన చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

"రెండున్నర," అంది అక్క. "చాలాసేపటినుంచి చేతులు అక్కడే ఉన్నాయి. పోయిన వారం?"

"మూడు," అన్నారాయన తల వంచుకుని. "అంతకుముందు వారం కూడా మూడే. కొంచెం కొంచెంగా దించుకొచ్చాను. ఒకేసారి దించితే చెవికి తెలుస్తుంది కదమ్మా."

నాకు అప్పటికి అర్థమైంది. అక్క గొంతు ఎక్కలేదు, మెట్టే ఆమె కోసం కిందికి దిగింది.

"నా గొంతు బాగుపడుతోందనుకున్నాను," అంది అక్క. ఏ కోపమూ లేకుండా అంది. అది వినడం ఇంకా కష్టంగా ఉంది.

మాస్టారు చేతులు నలుపుకున్నారు. "పెద్దనటులకి అలా చేస్తామమ్మా. వయసు మీదపడ్డాక ఐదులో పాడలేరు. చెబితే స్టేజి ఎక్కలేరు. చెప్పకుండా దించుతాం. అది మా వాయిద్యం వాళ్ల మర్యాద. నీకూ అదే చేశాను. తప్పయితే తప్పే."

"నాన్నకి కూడానా?"

"ఐదునుంచి నాలుగుకి తెచ్చాను. ఆఖరి నాలుగైదేళ్లు."

"ఆయనకి తెలుసా?"

"తెలియకుండా ఉంటుందా? ఆయన చెవికి? మేం ఇద్దరం ఆ మాట ఎప్పుడూ ఎత్తుకోలేదు."

అక్క టీ తాగకుండానే గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. మాస్టారు బస్సు టైము అయ్యేదాకా చాప మీదే కూర్చుని, తన టీ తాగి, అక్క టీ కూడా చల్లారుతుంటే చూస్తూ, "మంచి చెయ్యబోయానమ్మా," అన్నారు. 

ఆ వారమంతా అక్క కొట్టుకి రాలేదు. లైబ్రరీ గోడకి అక్క పాట ఉందని కాగితం అంటించేశారు అప్పటికే. శుక్రవారం నేనే గౌను ఇస్త్రీ చేయించి తీసుకెళ్లాను. మెట్లెక్కుతుంటేనే వినిపించింది. ఫోనులో నాలుగు శ్రుతి పెట్టుకుని, ఆ దీపం చోటునే పాడుతోంది. చీలుతోంది, ఆపుతోంది, మళ్లీ ఎత్తుకుంటోంది. నేను తలుపు దగ్గర కనపడ్డాక ఫోను కట్టేసింది.

కాఫీ ఇచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలని నేను చదివింది గుర్తుచేసుకున్నాను. "అక్కా, ఆ పుస్తకంలో ఉంది. పెద్దపెద్ద గాయనులు కూడా వయసు వచ్చాక గొంతు దించుకున్నారట. కొందరైతే దించుకున్నాకే ఇంకా బాగా పాడారట."

"ఆ సంగతి నాకు తెలియదా?" అంది అక్క. "నేను వాళ్లని విన్నాను. నువ్వన్నావే, దించుకున్నారు అని. వాళ్లు దించుకున్నారు. నాకు దించారు. రెండూ ఒకటేనా?"

నేను కాఫీ తాగాను. రెండూ ఒకటి కాదు. టైలర్ని కాబట్టి నాకు బాగానే తెలుసు. నడుం లావైనవాళ్లకి చెప్పకుండా కుట్లు వదిలేసి, పాత కొలతకే సరిపోయిందండీ అని ఎంతమందికి చెప్పానో. వాళ్లు సంతోషంగా వెళ్తారు. అద్దం ముందు నిలబడ్డాక ఏమనుకుంటారో నేనెప్పుడూ చూడలేదు.

"నాలుగులోనే పాడతాను," అంది అక్క. "వస్తే వస్తుంది. రాకపోతే అందరి ముందూ రాదు. నాకు కావలసింది అదేగా, తెలియడం." నా ముందే మాస్టారికి ఫోన్ చేసింది. "బాబాయ్, ఈసారి మర్యాద చెయ్యొద్దు నాకు."

"చెయ్యనమ్మా. నాలుగు పట్టుకుని కదల్ను, ఒట్టు," అని ఆయన గట్టిగా చెప్పడం నాకూ వినిపించింది.

వారోత్సవాల్లో పాటకి ఇచ్చిన సాయంత్రం లైబ్రరీ రీడింగు రూములో పేపర్ల బల్లలు గోడకి జరిపి కుర్చీలు వేశారు. రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైరైనవాళ్లు, గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు, మా వీధి ఆడవాళ్లు. వెనకవరసలో మాస్టారి వెంట బస్సులో వచ్చిన నాటకాల వాళ్లు నలుగురైదుగురు, రంగు వేసుకోకపోయినా రాజుల్లా కూర్చున్నారు. ప్రతి పాటకి ముందు దాని అర్థం చెప్పే పని నాది. మొదటి పాటకి నేను చెప్పడం కాస్త ఎక్కువైంది. అక్క మైకులోనే, "అమ్మాయ్, నన్నూ కొంచెం పాడనివ్వు," అంది. అందరూ నవ్వారు. అది మంచిదే అయింది, అక్క భుజాలు వదులయ్యాయి.

కింద పలికే పాటలు రెండు బాగానే జరిగాయి. జనం నిశ్శబ్దంగా విన్నారు, కొందరు మర్యాద కోసం, కొందరు నిజంగానే. భర్త వదిలేసిన ఆవిడ పాటకి మా వీధి ఆడవాళ్లిద్దరు పైటకొంగు కళ్లకి పెట్టుకున్నారు. అర్థం నేను బాగానే చెప్పి ఉంటాను.

తర్వాత రైలు పాట. మాస్టారు నాలుగు పట్టారు. అక్క మొదలుపెట్టింది. చీకటి, కిటికీ, పొలాలు వెనక్కి వెళ్లడం అన్నీ వచ్చాయి. దీపం చోటుకి వచ్చేసరికి నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. అక్క గొంతు ఎత్తింది. చీలిపోయింది. మైకులో గాలి చప్పుడు మాత్రం వినిపించింది.

మాస్టారు ఆపలేదు. ఒట్టేశారు కదా, నాలుగు పట్టుకుని అలాగే వాయిస్తున్నారు. ఆయన కళ్లు మాత్రం అక్క మొహం మీదే ఉన్నాయి. వెనకవరసలో నాటకాల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నేలవైపు చూశారు. వాళ్లకి తెలుసు. మిగతావాళ్లు ఇదీ పాటలో భాగమే అనుకున్నట్టున్నారు. అక్క కావాలంటే అలాగే వదిలేసి, చివరి వరుస పాడేసి, దండం పెట్టి కూర్చోవచ్చు. ఎవరూ ఏమీ అనరు.

అక్క చెయ్యెత్తి హార్మోనియం ఆపించింది. గ్లాసు తీసుకుని నీళ్లు తాగింది. మైకు దగ్గరికి వచ్చి మామూలుగా, కూరగాయల కొట్లో మాట్లాడినట్టు, "ఈ శ్రుతిలో ఈ పాట నాకు ఇక రాదండీ. ఇన్నాళ్లు వచ్చింది, ఇప్పుడు రాదు," అంది. మాస్టారివైపు తిరిగింది. "బాబాయ్, రెండున్నరకి దించండి."

మాస్టారు వెంటనే చేతులు కదపలేదు. కళ్లజోడు సరిచేసుకుని, మైకు ఉందని మరిచిపోయి, "ఇంకొంచెం దించనా అమ్మా?" అన్నారు.

"ఎంతకి?"

"రెండు."

అక్క ఒక క్షణం ఆలోచించింది. "సరే, రెండు."

హాల్లో ఎవరో నవ్వారు, వెక్కిరింతగా కాదు. అక్క మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి గొంతు ఎక్కడో నేల దగ్గరినుంచి వచ్చింది, బొంగురుగా, కాస్త గరుకుగా, కొత్త కోరాగుడ్డలాగా. పొలాలు ఇంకా నెమ్మదిగా వెనక్కి వెళ్లాయి. దీపం చోటుకి వచ్చింది. రెండులో అయితే పైకెక్కగలదు, నాకు తెలుసు, కొట్లో దానికన్నా పైనే ఎక్కింది. అక్క ఎక్కలేదు. అక్కడ కిందికి దిగింది. దీపం కనిపించింది గాని, కనిపించేటప్పటికే చాలా దూరమైపోయినట్టు ఉంది. మాస్టారి చేతులు పైకి వెళ్లబోయి, ఆమె దిగడం విని, వెంట దిగాయి. అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడం అన్న మాట ఎన్నో ఏళ్ల కిందట చదివాను, ఎంతోమందికి చెప్పాను. దాన్ని కళ్లముందు చూడడం అదే మొదలు. వెనకవరసలోంచి ఒకాయన "భేష్" అన్నారు, గట్టిగా కాదు, తనకి తాను చెప్పుకున్నట్టు.

పాట అయిపోయాక మాస్టారి చేతులు ఊరుకున్నాయి.

అనుకున్న పాటల్లో రెండు అక్క వదిలేసింది, అవి ఇంకా చూసుకోవాలంది. జనం వెళ్లేటప్పుడు, రోజూ పేపరు చదివే పెద్దాయన నా దగ్గరికొచ్చి, "ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదు గానీ అమ్మాయ్, ఆవిడ దించమని అడిగిందే, అప్పటినుంచి బాగుంది," అన్నారు.

అక్కా మాస్టారూ బయట అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆటో కోసం చూస్తున్నాం.

"ఇన్నేళ్లలో నన్ను దించమని నోటితో అడిగినవాళ్లు ఎవరూ లేరమ్మా," అన్నారు మాస్టారు. "చేతులు వణికాయి."

"నాకు కాళ్లు వణికాయి," అంది అక్క. "గౌను పొడుగు కాబట్టి సరిపోయింది."

"మీ నాన్నగారికి కూడా చెప్పి ఉంటే..." అని ఆయన ఆగిపోయారు. అక్క ఆ మాట పూర్తి చెయ్యమనలేదు. ఆయన చేతిమీద చెయ్యి వేసింది. ఆటో వచ్చింది.

ఆదివారాలు చాప ఇంకా పరుస్తూనే ఉన్నాం. తన పాటలన్నిటినీ అక్క ఒక్కొక్కటిగా కిందికి తెచ్చుకుంటోంది. కొన్ని దిగుతున్నాయి. కొన్ని దిగితే పాటలా ఉండడం లేదు, వాటిని పక్కన పెట్టేస్తోంది. పక్కన పెట్టేటప్పుడు ఒకసారి పాత శ్రుతిలో పెదాలతో మాత్రం, గొంతు లేకుండా, మొత్తం పాడుకుంటుంది. అప్పుడు మాస్టారు హార్మోనియం మూసేస్తారు, నేను మిషను ఆపేస్తాను.

మొన్న ఆదివారం ఒక పాట దగ్గర ఇద్దరికీ గొడవైంది. ఆయన రెండు చాలన్నారు, అక్క రెండున్నర అంది.

"చీలుతుందమ్మా."

"చీలితే నేనే చెబుతాగా బాబాయ్. పట్టండి."

ఆయన గొణుక్కుంటూ రెండున్నర పట్టారు. నేను కాజాలు కుట్టుకుంటూ, మిషను చప్పుడు అడ్డం రాకుండా సూది చేత్తో పట్టుకుని, కూర్చున్నాను.